నేను పాసైన పరీక్ష, నేను కట్టించిన గది

స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం



నేను 1991 పదో తరగతి బ్యాచ్. కమిటీ వాళ్ళు ఫోన్ చేసి, "మీ సక్సెస్ గురించి ఓ పావుగంట మాట్లాడండి, పిల్లలకి స్ఫూర్తిగా ఉంటుంది" అన్నారు. సరేనని నాలుగు కాగితాలు రాసుకున్నాను. నిన్న సాయంత్రం ఊళ్ళోకి దిగి బడంతా ఒకసారి తిరిగి చూశాక ఆ కాగితాలు పక్కన పెట్టేశాను. వరండా చివర, సైన్సు గది పక్కన ఒక గది ఉంది, మీరంతా చూసే ఉంటారు. తలుపు పక్కన పాలరాతి పలక: 'కంప్యూటర్ గది, పూర్వ విద్యార్థుల కానుక, 26 జనవరి 2014'. ఆ పలక మీద పేర్లలో మొదటిది నాది. గదికి తాళం. ఆ తాళం గురించి చెప్పాలంటే ముందు నేను పాసైన ఒక పరీక్ష గురించి చెప్పాలి. రెండూ ఒకే ఏడాది నా జీవితంలోకి వచ్చాయి.

2012లో హైదరాబాదులో నేను పనిచేస్తున్న కంపెనీకి ఇంగ్లండులోని ఒక కౌన్సిల్ పని వచ్చింది. కౌన్సిల్ అంటే మన మునిసిపాలిటీ లాంటిదే అనుకోండి. అక్కడ కౌన్సిళ్ళకి సొంత ఇళ్ళుంటాయి, తక్కువ అద్దెకి జనానికి ఇస్తారు. ఆ ఇళ్ళల్లో కుళాయి కారినా కిటికీ విరిగినా అద్దెకున్నవాళ్ళు ఫోన్ చేస్తే, ఆ ఫిర్యాదు రాసుకుని పనివాణ్ణి పంపే సాఫ్ట్‌వేర్ ఒకటి. దాన్ని మార్చి కొత్తది పెట్టాలి. నేను టీమ్ లీడ్‌ని. మొదటి వారమే అటునుంచి ఒకావిడ మెయిల్ పెట్టింది, 'ప్రాడక్ట్ డిస్క్రిప్షన్లు శుక్రవారానికి పంపండి' అని. ఓస్, ఇంతేనా అనుకుని మా సాఫ్ట్‌వేర్ గొప్పలన్నీ రంగుల్లో అచ్చేసిన బ్రోషర్ పంపాను. ఆవిడ చాలా మర్యాదగా రెండు లైన్లు రాసింది. ఇంగ్లీషువాళ్ళ మర్యాద ఎలాంటిదంటే, తిట్టారని మనకి మర్నాటికి గానీ తెలీదు.

ఆవిడ అడిగింది వేరు. మనం తయారుచేసి ఇవ్వాల్సిన ప్రతి వస్తువుకీ, అది రిపోర్టు కావచ్చు, తెర కావచ్చు, ట్రైనింగ్ కావచ్చు, తయారీ మొదలుపెట్టకముందే ఒక కాగితం రాయాలి. అది దేనికి, అందులో ఏమేం ఉంటాయి, బాగుందని ఎలా తేలుస్తాం, ఎవరు చూసి సరేనంటారు. అదీ ప్రాడక్ట్ డిస్క్రిప్షన్ అంటే. మా అమ్మకి అర్థమయ్యేట్టు చెప్పాల్సొచ్చి ఇలా చెప్పాను: పెళ్ళికి వంటవాళ్ళతో "పప్పు, కూర, పులుసు" అని మాట్లాడుకోవడం ఒకటి. "పప్పు మూడొందల మందికి, విస్తట్లో జారిపోకుండా చిక్కగా, పన్నెండింటికల్లా వేడిగా, రుచి చూసి సరేననేది మా పెద్దత్తయ్య" అని ముందే రాసుకోవడం ఇంకొకటి. రెండో రకం పెళ్ళిలో గొడవ జరిగినా తొందరగా తేలిపోతుంది.

ఈ పద్ధతి పేరు ప్రిన్స్ టూ. ప్రిన్స్ అంటే మనకి మహేష్‌బాబు. ఇది ఆయన కాదు. 'ప్రాజెక్ట్స్ ఇన్ కంట్రోల్డ్ ఎన్విరాన్‌మెంట్స్' అన్న మాటల్లోంచి ఏరుకున్న అక్షరాలు. దీని మూలం 1975లో ఒక ప్రైవేటు కంపెనీ తయారుచేసుకున్న ప్రాంప్ట్ అనే పద్ధతి. బ్రిటిష్ ప్రభుత్వంలో కంప్యూటర్ల వ్యవహారాలు చూసే సంస్థ 1979లో దాన్ని తీసుకుంది, 1989లో తనకి తగ్గట్టు మార్చి ప్రిన్స్ అంది. కంప్యూటర్ పనులకే కాదు, ఏ పనికైనా పనికొచ్చేలా 1996లో తిరగరాసి ప్రిన్స్ టూ అన్నారు. ఆ తర్వాత 2009లో, 2017లో మళ్ళీ రాశారు. 2023లో ఏడో కూర్పు వచ్చింది. ఇప్పుడు దీని హక్కులూ పరీక్షలూ పీపుల్‌సర్ట్ అనే సంస్థ చేతిలో ఉన్నాయి. ప్రభుత్వ సొమ్ము పెట్టి మొదలుపెట్టిన పనులు సగంలో ఎందుకు ఆగిపోతున్నాయి, అయినవి కూడా ఎందుకు ఎవరికీ ఉపయోగపడట్లేదు అన్న బాధలోంచి పెరిగిన పద్ధతి అది. ఆ బాధ మనకి కొత్తేం కాదు గదా.

బ్రోషర్ సంగతి మా మేనేజర్ దాకా వెళ్ళింది. "మార్చిలోపు లీడ్‌లందరూ పరీక్ష పాసవ్వాలి, టెండర్‌లో మాటిచ్చాం" అన్నాడు. నాకప్పుడు ముప్పై ఏడేళ్ళు. ఆఖరిసారి పరీక్ష హాల్లో కూర్చుని పద్నాలుగేళ్ళయింది. మా పెద్దాడు ఆ మార్చిలోనే పదో తరగతి పబ్లిక్ రాస్తున్నాడు. భోజనాల బల్లకి అటు వాడు, ఇటు నేను. నా పుస్తకం చూసి, "నీకేంటమ్మా, అంతా బిట్ పేపరేగా" అన్నాడు.

మొదటి పరీక్ష, ఫౌండేషన్, నిజంగానే బిట్ పేపరు. అప్పట్లో గంటలో 75 ప్రశ్నలు. అందులో అయిదు వాళ్ళు ప్రయోగానికి పెట్టేవి, మార్కులుండవు, ఏ అయిదో చెప్పరు. మిగతా 70లో 35 వస్తే పాస్. పుస్తకం చూడకూడదు. ఏడు సూత్రాలు, ఏడు అంశాలు, ఏడు ప్రక్రియలు. సప్తఋషులు, సప్తస్వరాలు, ఏడడుగులు వల్లెవేసిన జాతికి ఏడు కష్టమా? వల్లెవేశాను, పాసయ్యాను. అందులో నాకు గొప్పేమీ కనబడదు.

ఇబ్బంది పెట్టింది మాటలు. నేను ఈ బడిలో పదో తరగతి దాకా తెలుగు మీడియం. టాలరెన్స్ అన్న మాట చూడగానే నా బుర్రలో వెలిగేది 'సహనం'. రెండు రోజులు ఆ పాఠం సహనంగానే చదివాను, ముక్క అర్థం కాలేదు. ఈ పద్ధతిలో దానర్థం వెసులుబాటు. పనప్పగించినవాడు ముందే గీత గీస్తాడు: మూడు నెలల పని, అటూ ఇటూ రెండు వారాలు పర్లేదు. పది లక్షలు, యాభై వేలు అటూ ఇటూ పర్లేదు. గీత లోపల ఉన్నంతసేపు రోజూ వచ్చి నన్ను విసిగించడు. గీత దాటేట్టున్నానని నాకు అనిపించిన రోజున, దాటాక కాదు, దాటబోతున్నానని తెలిసిన రోజున, నేనే వెళ్ళి చెప్పాలి. ఆ చెప్పే కాగితాన్ని ఎక్సెప్షన్ రిపోర్ట్ అంటారు. నిఘంటువులో ఎక్సెప్షన్ అంటే మినహాయింపు. ఇక్కడ అది మినహాయింపు కాదు, గండి పడేలోపు కొట్టే టముకు.

ఆ ఒక్క ముక్క అర్థమయ్యాక మిగతాదంతా విడిపోయింది. పని మీద ముగ్గురు మనుషులతో ఒక బోర్డు ఉంటుంది. ఒకరు డబ్బుకి జవాబుదారీ, ఈ పని ఇంకా చెయ్యదగ్గదేనా అని అడుగుతూ ఉండాల్సిన మనిషి. ఇంకొకరు రేపు దాన్ని వాడబోయేవాళ్ళ తరఫున కూర్చునే మనిషి. మూడోవారు దాన్ని తయారుచేసేవాళ్ళ తరఫున. ప్రాజెక్ట్ మేనేజర్ వీళ్ళ కింద రోజువారీ పని చూస్తాడు. పనిని దశలుగా కోస్తారు. దశ అయినప్పుడల్లా బోర్డు కూర్చుని 'ముందుకెళ్దామా, ఆపేద్దామా' అని తేల్చాలి. ఆపెయ్యడం కూడా ఆ పుస్తకంలో మర్యాదైన జవాబే. కారణం పోయిన పనిని ఆపకుండా లాగడమే తప్పు. అలా ఆపొచ్చని పుస్తకంలో అచ్చులో చూడటం నాకదే మొదటిసారి.

రెండో పరీక్ష ప్రాక్టిషనర్. రెండున్నర గంటలు, ఎనిమిది ప్రశ్నలు, ఒక్కోదానికి పది మార్కులు. 80లో 44 రావాలి. పుస్తకం తెచ్చుకోవచ్చు, దానిలో రాసుకోవచ్చు, రంగు చీటీలు అతికించుకోవచ్చు. పుస్తకం తెచ్చుకోనిస్తున్నారంటే ఆ పరీక్ష సులువు కాదని ఏ విద్యార్థికైనా తెలుస్తుంది. ఒక కల్పిత ప్రాజెక్టు కథ ఇస్తారు, దాని మీదే ప్రశ్నలన్నీ. నమూనా పరీక్షలో నాకు 38 వచ్చాయి. కారణం నేర్పించినాయన చెప్పాడు: "మీరు మీ ఆఫీసులో ఏం జరుగుతుందో రాస్తున్నారు. ఇచ్చిన కథలో ఏముంది, పుస్తకం ఏమంటుంది, అది రాయండి." వినగానే మా లెక్కల మాస్టారు గుర్తొచ్చారు. ఆయన వెనక వరసలో కూర్చున్నారు, లేవక్కర్లేదు మాస్టారూ. జామెట్రీలో దత్తాంశం, సారాంశం, ఉపపత్తి అని మూడు రాయించేవారు. బొమ్మ చూసి 'రెండు కోణాలూ సమానంగానే కనబడుతున్నాయి కదండీ' అంటే, "కనబడటం కాదు, దత్తాంశంలో ఉందా?" అనేవారు. ఆ రాత్రి నుంచి ప్రతి ప్రశ్నకీ పక్కన పెన్సిల్‌తో 'ద' అని రాసుకుని, కథలోంచి ఆధారం చూపిస్తేనే బబుల్ నింపాను. 51 వచ్చాయి. నేను పాసయ్యాను, మా వాడూ పాసయ్యాడు, ఇంట్లో పూర్ణాలు వండాం. సర్టిఫికెట్ ఫ్రేము కట్టించాను.

ఇక్కడ చిన్నవాళ్ళు కొందరు నిన్న నన్ను అడిగారు, ఇప్పుడు ఈ పరీక్ష రాయమంటారా అని. నాకు తెలిసింది చెప్తాను. ఫౌండేషన్‌కి ముందు అనుభవం అక్కర్లేదు, ఎవరైనా రాయొచ్చు. ఇంగ్లండు, ఆస్ట్రేలియా, యూరప్ పనులు చేసే చోట దీనికి విలువెక్కువ. అమెరికా పనులు చేసే చోట, మన దగ్గర చాలా కంపెనీల్లో, పీఎంపీ అడుగుతారు. దానికి డిగ్రీ ఉన్నా మూడేళ్ళ పాటు ప్రాజెక్టులు నడిపిన అనుభవం, 35 గంటల శిక్షణ చూపించాలి. కాబట్టి కాలేజీలోంచి బయటికి రాగానే పీఎంపీ ఇప్పిస్తామని ఎవరైనా అంటే డబ్బులివ్వకండి. ప్రిన్స్ టూ ఫీజు కూడా తక్కువేం కాదు. మీరు చేరబోయే ఉద్యోగం అది అడుగుతోందో లేదో చూసుకున్నాకే కట్టండి, కంపెనీ కడతానంటే ఇంకా మంచిది. సర్టిఫికెట్‌కి మూడేళ్ళ గడువుంటుంది, తర్వాత నిలుపుకోవాలంటే మళ్ళీ ఖర్చు. ప్రశ్నల సంఖ్య, పాస్ మార్కులు కూర్పు మారినప్పుడల్లా మారుతుంటాయి, నేను చెప్పినవి నా నాటివి. పాత ప్రశ్నలు దొంగతనంగా అమ్మేవాళ్ళ జోలికి పోకండి. దొరికితే పరువు పోతుంది, దొరక్కపోతే ఏమీ రాకుండానే పాసవుతారు.

సరే. పరీక్షయ్యాక కౌన్సిల్ పని నడుస్తోంది. 2013 ఆగస్టులో ఒకరోజు మా కుర్రాడొకడు వచ్చి, "మేడమ్, పాత డేటాలో ఒకే ఇంటికి మూడు నాలుగు రకాల అడ్రసులున్నాయి, శుభ్రం చెయ్యడానికి ఇంకో ఆరు వారాలు పడుతుంది" అన్నాడు. మాకున్న వెసులుబాటు రెండు వారాలు. అంతకుముందు పదిహేనేళ్ళ ఉద్యోగంలో ఇలాంటప్పుడు ఏం చేశానో నాకు బాగా తెలుసు. "చూసుకుంటాం సార్" అనడం, రాత్రిళ్ళు కూర్చోవడం, ఆఖరి వారంలో ఏడుపు మొహంతో చెప్పడం. చెడ్డవార్త మోసుకెళ్ళినవాడిదే తప్పన్నట్టు చూసే ఆఫీసుల్లో పెరిగినవాళ్ళం మనం.

ఈసారి పుస్తకం తీసి, అందులో చెప్పినట్టే రెండు పేజీలు రాశాను. ఏం జరిగింది, ఎందుకు, దేని మీద ఎంత ప్రభావం, మన ముందున్న దారులేవి, నేను ఏది సిఫారసు చేస్తున్నాను. పంపే బటన్ నొక్కేముందు క్యాంటీన్‌కి వెళ్ళి రెండు టీలు తాగొచ్చాను. మర్నాడు ఫోన్లో బోర్డు కూర్చుంది. నా పేరు ఎత్తి ఒక్కరూ నిలదీయలేదు. డబ్బు బాధ్యత ఉన్నాయన, "మూడు దారుల్లో ఏది వాడేవాళ్ళకి తక్కువ ఇబ్బంది?" అని అడిగాడు. వాడేవాళ్ళ తరఫున కూర్చున్నది అదే, నన్ను మర్యాదగా తిట్టినావిడ. "అద్దెకున్నవాళ్ళ పాత ఫిర్యాదుల చరిత్ర తర్వాత తెచ్చుకుందాం, కొత్త ఫిర్యాదులు మాత్రం అనుకున్న తేదీకి తీసుకోగలగాలి. చలికాలం వస్తోంది, బాయిలర్లు చెడిపోతాయి" అంది. ఇరవై నిమిషాల్లో తేలిపోయింది. నేనా రోజు ఇంటికి వెళ్ళి హాయిగా నిద్రపోయాను.

ఇంత బాగా నేర్చుకున్నదాన్ని కదా. ఇప్పుడు ఆ గది సంగతి.

అదే 2013, దసరా సెలవులకి మా బ్యాచ్ వాళ్ళం పన్నెండుమందిమి ఇక్కడే, ఈ వేపచెట్టు కింద కలిశాం. బడికి ఏదన్నా చేద్దాం అన్నారు ఎవరో. కంప్యూటర్లు అన్నారు ఇంకెవరో. అందరూ చప్పట్లు కొట్టారు. "నువ్వు ప్రాజెక్ట్ మేనేజర్‌వి, సర్టిఫికెట్ కూడా ఉంది, నువ్వే చూడు" అన్నారు. నాకు లోపల పొంగిపోయింది. మూడు నెలల్లో 4 లక్షల 60 వేలు పోగయ్యాయి. అమెరికా నుంచి, దుబాయ్ నుంచి, ఊళ్ళోంచి. మా క్లాసులో చదివి ఇప్పుడు కిరాణా కొట్టు నడుపుతున్న మిత్రుడు రెండువేలిచ్చాడు. ఆ రెండువేలు అతనికి ఎంతో నాకు తెలుసు. పది కంప్యూటర్లు, బల్లలు, కుర్చీలు, యూపీఎస్, బ్యాటరీలు, గదికి రంగులు, నేల మీద కొత్త టైల్స్. జనవరి 26 ప్రారంభోత్సవం అని తేదీ ముందే పెట్టేశాం, ఎమ్మెల్యే గారు ఆ రోజే దొరుకుతారని. తేదీని అందుకోవడమే పనైపోయింది. అనుకున్న రోజుకి, అనుకున్న డబ్బులో పూర్తి చేశాను. రిబ్బన్ కత్తిరించారు. ఫొటోలు దిగాం.

మధ్యలో నవంబరులో అప్పటి హెడ్మాస్టారు గారు నాకు ఫోన్ చేశారు. ఆయన మెత్తటి మనిషి, ఎదుటివాళ్ళ ఉత్సాహం మీద నీళ్ళు చల్లే రకం కాదు. "అంతా బాగుందమ్మా. కానీ పాఠం ఎవరు చెప్తారు? మనకి కంప్యూటర్ టీచర్ పోస్టు లేదు. టైమ్‌టేబుల్లో పీరియడ్ కూడా లేదు" అన్నారు. కాస్త ఆగి, "కరెంటు బిల్లు కూడా..." అన్నారు. నేనేమన్నానో నాకు అక్షరం అక్షరం గుర్తుంది. "అవన్నీ తర్వాత చూసుకుందాం సార్, ముందు గది అవనివ్వండి" అన్నాను.

ఆగస్టులో కౌన్సిల్ వాళ్ళకి ఎక్సెప్షన్ రిపోర్ట్ రాసిన చేయి ఇదే. వాడబోయే మనిషి, అసలు మొదటి రోజే బోర్డులో కూర్చోవాల్సిన మనిషి, తనంతట తానే ఫోన్ చేసి, ఈ పనికి కారణం నిలబడట్లేదు అని చెప్తే, తర్వాత చూద్దాం అన్నాను. నేనే డబ్బులు పోగుచేసేదాన్ని, నేనే కొనేదాన్ని, నేనే పని చూసేదాన్ని, నేనే బాగుందని తేల్చేదాన్ని. నన్ను అడిగేవాళ్ళు లేరు. ఎందుకడుగుతారు? దానం చేస్తున్నవాళ్ళని ఎవరడుగుతారు? కౌన్సిల్లో నాకు జీతమిచ్చి పని చేయించుకుంటున్నారు కాబట్టి అడిగారు, నేను చెప్పాను. ఇక్కడ అందరూ నాకు దణ్ణం పెడుతున్నారు. పెద్దపెద్ద తప్పులు దణ్ణాలు పెట్టేచోటే జరుగుతాయని నాకు ఏ ట్రైనర్ చెప్పలేదు.

మొదటి ఏడాది సైన్సు టీచర్ గారు, తన పని కాకపోయినా, శనివారాలు పిల్లల్ని కూర్చోబెట్టి బొమ్మలు గీయించారు, టైపింగ్ నేర్పారు. ఆవిడకి బదిలీ అయ్యింది. ఏడాదిన్నరకి బ్యాటరీలు పోయాయి. కొత్తవాటికి ఎంతవుతుందో తెలుసుకుని హెడ్మాస్టారు గారు మా వాట్సాప్ గ్రూపులో పెట్టించారు. గ్రూపులో ఆ రోజు ఎవరిదో పుట్టినరోజు. కేకుల బొమ్మల మధ్య ఆ మెసేజ్ పైకి వెళ్ళిపోయింది. నేను చూశాను. చూసి, ఎవరో ఒకరు సర్దుతార్లే అనుకున్నాను. తర్వాత గదిలో విరిగిన బెంచీలు చేరాయి. ఇప్పుడు మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు కూడా అక్కడే పెడుతున్నారట, ఆ టైల్స్ వల్ల ఎలకలు బొరియలు పెట్టలేవని. నా ప్రాజెక్టుకి మిగిలిన ప్రయోజనం అదొక్కటి. ఇందులో బడి తప్పు వీసమెత్తు లేదు.

ఆ పద్ధతిలో పని మొదలుపెట్టేటప్పుడే ఒక కాగితం రాసిపెట్టాలి, ముగించేటప్పుడు దాన్ని సరిచూసుకోవాలి: ఈ పని వల్ల వస్తుందనుకున్న లాభం నిజంగా వచ్చిందా లేదా అని ఎప్పుడు, ఎవరు, ఎలా కొలుస్తారు. పరీక్షలో దాని మీద నాకు రెండు ప్రశ్నలొచ్చాయి, రెండూ సరిగ్గా రాశాను. ఈ గదిని కొలవడానికి నేను మళ్ళీ వచ్చింది నిన్న సాయంత్రం.

ఇప్పుడు స్వర్ణోత్సవ కమిటీ వాళ్ళు కళావేదిక కట్టిద్దామంటున్నారు. సుమారు 18 లక్షలు. నక్షా కూడా వచ్చింది, అందంగా ఉంది. నన్ను మళ్ళీ బాధ్యత తీసుకోమన్నారు. మళ్ళీ తేదీ ముందే ఉంది, మళ్ళీ పలక మీద పేర్ల వరస ముందే రాశారు. కమిటీలో అందరూ నాకు కావలసినవాళ్ళే, అందుకే మైకులోనే చెప్తున్నాను: నేను కాదనను, ఔననను. ముందు నాకు ఒక నెల, ఒక నలభై వేలు ఇవ్వండి. అది మొదటి దశ. ఆ దశలో ఇటిక కూడా కొనం.

డబ్బుకి జవాబుదారీ మన సంఘం అధ్యక్షులవారు. ఆయన నన్ను అడగాలి, మొహమాటపడకూడదు. వాడేవాళ్ళ తరఫున ఇప్పటి హెడ్మాస్టారు గారు, తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు, ఒక తల్లి. కట్టేవాళ్ళ తరఫున మన 1998 బ్యాచ్‌లో మేస్త్రీ పని చేస్తున్న తమ్ముడున్నాడు, వాడైతే సిమెంటు దగ్గర మనల్ని మాయ చెయ్యనివ్వడు. నెలాఖరుకి వీళ్ళు కూర్చుని, కళావేదికే కావాలంటే అదే కడదాం. వద్దంటే ఆపేద్దాం. పోగైన డబ్బు ఎవరిది వాళ్ళకి తిరిగివ్వాల్సొచ్చినా నేను సిగ్గుపడను.

నిన్న ఆ తొమ్మిదో తరగతి ఆడపిల్లలతో కాసేపు కూర్చున్నాను. ఏం కావాలి అని అడిగితే నాకేసి, వాళ్ళ టీచర్ కేసి చూసి నవ్వారు. టీచర్ గారు అర్థం చేసుకుని పక్కకి వెళ్ళారు. అప్పుడు చెప్పారు. మధ్యాహ్నం దాటితే బాత్రూముల్లో నీళ్ళు రావట. మోటారు వేస్తే ట్యాంకు నిండదు, మోటారు వేసే అన్న సాయంత్రం గానీ రాడు. అందుకని చాలామంది పొద్దున్నుంచీ మంచినీళ్ళు తాగరట. వాళ్ళు చెప్పింది దత్తాంశం. అది పూర్తిగా నిజమో కాదో, మోటారుదా పైపుదా మనిషిదా లోపం, రెండు వేలతో పోతుందా రెండు లక్షలవుతుందా, అది ఉపపత్తిలో తేలాలి. ఆ నలభై వేలు దానికే. అవును మాస్టారూ, బొమ్మ చూసి చెప్పడం లేదు.

ఈ పద్ధతిలో పాఠాల చిట్టా అని ఒకటుంటుంది. పని జరుగుతున్నప్పుడే, తర్వాతివాళ్ళ కోసం, ఏది కుదిరింది ఏది చెడింది రాస్తూ పోవాలి. నేను కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడు ముందుగా తెరవాల్సింది పాత ప్రాజెక్టుల చిట్టా. మన సంఘానికి అలాంటిది లేదు. సావనీర్లున్నాయి, వాటిలో ప్రారంభోత్సవాల ఫొటోలున్నాయి. అందుకని ఒక లాంగ్ నోట్‌బుక్ కొనుక్కొచ్చాను. మొదటి మూడు పేజీల్లో కంప్యూటర్ గది గురించి నేను రాశాను, ఆ నవంబరు ఫోన్ కాల్‌తో సహా. మిగతా పేజీలు ఖాళీ. నీళ్ళ ఫిల్టర్ ఇచ్చినవాళ్ళు, లైబ్రరీ బీరువాలు ఇచ్చినవాళ్ళు, ఆటస్థలం చుట్టూ మొక్కలు నాటించినవాళ్ళు ఇక్కడే ఉన్నారు. మొక్కల సంగతి నేనెత్తను. మీకు తోచింది మీరే రాయండి. ఆ అప్పటి హెడ్మాస్టారు గారు కూడా ఇవాళ వచ్చారు, ఆయన్ని కూడా ఒక పేజీ అడిగాను. "ఇప్పుడెందుకులేమ్మా" అన్నారు. ఆయన రాసేదాకా వదలను.

గది తాళంచెవి ఆఫీసు రూములో ఉంది. భోజనాలయ్యాక మూడింటికి తెరుస్తామన్నారు. పది కంప్యూటర్లలో ఏవైనా పనికొస్తాయేమో చూడటానికి మా వాడు, అప్పుడు నాతో పాటు బల్ల దగ్గర పదో తరగతి చదివినవాడు, స్క్రూడ్రైవర్ల సంచీ తెచ్చుకున్నాడు. బియ్యం బస్తాలు జరపడానికి ఒక నలుగురు మనుషులు కావాలి. వచ్చేవాళ్ళు రండి.